ఫొటోలో లేని నాయనమ్మ

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. పుట్టింది నాంపల్లిలో, వ్యాపారం అబిడ్స్‌లో. ఇంత జనం మధ్య ఏ దయ్యానికి చోటు దొరుకుతుందిలే అనేవాణ్ని. ఇప్పుడు కూడా ఎవర్నో నమ్మించాలని రాయడం లేదు. సిగ్గు దిగమింగుకోలేక రాస్తున్నాను.

ఆన్‌లైన్ దెబ్బకు మా బ్యాగుల దుకాణం చతికిలబడింది. ఉన్నదంతా పోగేసి నేనూ నా భార్య సుజాతా వికారాబాద్ దాటాక కొంత భూమి కొని గ్లాంపింగ్ మొదలుపెట్టాం. గుడారాలే, కాకపోతే లోపల పరుపూ ఫ్యానూ, వెనక బాత్రూమూ ఉంటాయి. ఎంత కష్టమో మొదటి వానకే తెలిసొచ్చింది. గుడ్డకు బూజు పట్టింది. గాలికి ఒక గుడారం లేచి పక్క చేనులో పడింది. బోరు ఎండిపోయింది, ట్యాంకరు అతను ఫోనెత్తడు. గెస్టులు లేరు. ఇది కూడా మునిగితే మేం రోడ్డున పడ్డట్టే.

అప్పుడు నాకో దిక్కుమాలిన తెలివి పుట్టింది. క్యాంపుకు 'నాయనమ్మ పొలం' అని పేరు పెట్టాను. ఇది తాతల నాటి భూమి అనీ, మా నాయనమ్మ ఇక్కడే కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి ఊరందరికీ పెట్టేదనీ వెబ్‌సైటులో రాశాను.

మా నాయనమ్మ జన్మలో పొలం ముఖం చూడలేదు. నాంపల్లిలో ఒక కిరాయి గదిలో కూర్చుని, అబిడ్స్ చీరల దుకాణాలకు ఫాల్స్ కుట్టి మా నాన్నను చదివించింది. రొట్టె చేయడం ఆమెకు రాదు. పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో కళ్లజోడుకు దారం కట్టి ఉంటుంది, భుజం మీద కొంగుకు సూది గుచ్చి ఉంటుంది. అది చూస్తే గెస్టులు ఏమనుకుంటారోనని, నెట్‌లో దొరికిన ఎవరో ముసలామె ఫొటోకు ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించాను.

"గామె ఎవరో ఏందో! సొంత నాయనమ్మను పక్కకు పెడ్తరా? పాపం తగుల్తది" అంది సుజాత. నేను వినలేదు. బుకింగులు వచ్చాయి మరి.

ఒక ఆదివారం కాచిగూడ నుంచి వచ్చిన భార్యాభర్తలు తప్ప క్యాంపులో ఎవరూ లేరు. మధ్యాహ్నం నేను ట్యాంకరు కోసం వెళ్లాను. సుజాత వంట షెడ్డులో ఉంది. సాయంత్రం బయల్దేరుతూ ఆ కాచిగూడ ఆమె, "మీ నాయనమ్మకు థ్యాంక్స్ చెప్పుండ్రి అన్నా" అంది.

నాకేమీ అర్థం కాలేదు. చీర ఫాల్ ఊడి కాళ్లకు అడ్డం పడుతుంటే ఒక పెద్దావిడ వచ్చి, గుడారం మెట్టు మీద కూర్చోబెట్టి కుట్టిందట. సూది ఆమె కొంగుకే ఉందట.

"మీ రొట్టెలు తినాలని వచ్చినమమ్మా అంటే ఒకటే నవ్వుడు. 'నాకు రొట్టెలు రావు బిడ్డా, మాది నాంపల్లి. మా మనవనికి నేనంటే జర సిగ్గు, గందుకే గట్ల చెప్పిండు. నువ్వేం అనుకోకు' అన్నది."

గోడ మీది ఫొటో చూపించాను. "ఈమె కాదు. గామె కళ్లజోడుకు దారం ఉండె" అంది.

సుజాత వంగి ఆమె చీర అంచు తిప్పి చూసింది. మూల దగ్గర కుట్టు మీద అడ్డంగా ఇంకో కుట్టు. నాయనమ్మ అలాగే వేసేది. మా పెళ్లి చీరకూ అలాగే వేసింది. సుజాత అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

పక్క ఊరంతా వాకబు చేశాను. అలాంటి మనిషిని ఎవరూ చూడలేదన్నారు. నాయనమ్మ ఫాల్స్ కుట్టి బతికిందని ఆ గెస్టులకు ఎవరైనా చెప్పి ఉంటారా? ఎవరు చెబుతారు? సిగ్గుపడి నేనే ఆ మాట ఏనాడూ బయట పెట్టలేదు.

మర్నాడే ఆ ఫొటో తీసేశాను. నాయనమ్మ ఫొటో తెచ్చి పెట్టాను. భూమి కొన్నదేననీ, ఆమె నాంపల్లిలో ఫాల్స్ కుట్టేదనీ వెబ్‌సైటులో ఉన్నదున్నట్టు రాశాను. బుకింగులు కొన్ని తగ్గాయి. ఎలాగో నెట్టుకొస్తున్నాం.

మొన్న ఆ కాచిగూడ వాళ్లు మళ్లీ వచ్చారు. ఆమె లోపలికి రాగానే గోడ వైపు చూసి, "ఆఁ, ఈమెనే!" అంది. తర్వాత చుట్టూ వెతుక్కుంటూ, "అన్నా, ఇయ్యాల నాయనమ్మ లేదా?" అని అడిగింది.

చనిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు.

"నాంపల్లి పోయిందమ్మా" అన్నాను. అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.