దాచుకోమన్న మాట

ఆ పరిశోధన సంస్థలో ఆమెను అందరూ టేపులక్కయ్య అంటారు. టేపులు పోయి పదిహేనేళ్లయింది. ఇప్పుడున్నది అరచేతిలో ఇమిడే రికార్డరే అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. రిటైరైన శాస్త్రవేత్తల ఇళ్లకు వెళ్లి, వాళ్ల జీవితం వాళ్ల నోటితోనే చెప్పించి భద్రపరచడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో తొంభై ఒక్కమందిని మాట్లాడించింది. ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, స్థలం చెప్పే గొంతు ఆమెదే. ఆ తరువాత ప్రశ్నకు మించి ఒక్క మాట వినపడదు.

నిజానికి ఆమె పనితనమంతా మాట్లాడనివ్వకపోవడంలో ఉంది. నవ్వకండి, అందులోనూ ఒక న్యాయం ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె రికార్డరు పట్టుకెళ్లదు. ఏ గదిలో కూర్చోవాలి, ఫ్యాను చప్పుడెంత, పక్కింటి కుక్క మొరుగుతుందా, ఇవి చూసుకుని వస్తుంది. ఈలోగా పెద్దవాళ్లకు ఊపొస్తుంది. వినే మనిషి దొరికితే ఎవరు వదులుతారు? అసలు సంగతిలోకి దిగబోతుండగా ఈవిడ చెయ్యెత్తి, ఆ మాట దాచుకోండి, రికార్డు రోజున చెబుదురుగాని అంటుంది. ఒకసారి చెప్పేసిన కథ రెండోసారికి చప్పబడిపోతుందని, ఇందాక చెప్పానుగా అంటూ సగం మింగేస్తారని ఆమె అనుభవం. తొంభై ఒక్కసార్లూ ఆ పద్ధతి ఆమె పరువు నిలబెట్టింది.

తొంభై రెండో మనిషి పెద్దమేడమ్. విత్తనాలకు పట్టే బూజుకు మట్టిలోని ఒక సూక్ష్మజీవితో విరుగుడు కనిపెట్టిన ఎనభై మూడేళ్ల శాస్త్రవేత్త. రెండో అంతస్తులో, చెల్లెలితో కలిసి ఉంటుంది. ఇంటర్వ్యూ ఇమ్మని ఆరేళ్లు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఫోను చేస్తే చెల్లెలు ఎత్తి, అక్క పడుకుందండీ అనేది. పగలు పదింటికీ పడుకునే ఉంటుంది, సాయంత్రం అయిదింటికీ పడుకునే ఉంటుంది. అలాంటిది ఏడో ఏట పెద్దమేడమే స్వయంగా ఫోను చేసి, ఒక మాట చెప్పాల్సింది ఉంది, త్వరగా రండి అంది.

త్వరగా అన్న ఆ ఒక్క ముక్కా వినాల్సినట్టు విని ఉంటే బాగుండేది. టేపులక్కయ్య ఎగిరి గంతేసి వెళ్లింది, కానీ తన పద్ధతి ప్రకారం ఒట్టి చేతులతో వెళ్లింది.

గదిలో పుస్తకాల బీరువా, రెండు పేము కుర్చీలు, కిటికీ పక్కన గోడ గడియారం ఉన్నాయి. గడియారం టిక్కుటిక్కుమంటోంది. రికార్డు రోజున దాని బ్యాటరీ తీసేయాలని చెల్లెలికి చెబుతుండగా పెద్దమేడమ్ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఆ విరుగుడు మొదట చూసింది నేను కాదమ్మా. ప్రయోగం పాడైందనుకుని సీసాలన్నీ కడగడానికి పంపేశాను. సీసాలు కడిగే ఆమె ఒకటి వెనక్కి పట్టుకొచ్చి, దీనికి బూజు పట్టలేదు, చూసుకున్నారా అంది. నేను ఆమె పేరు ఎక్కడా రాయలేదు. ఎవరడిగినా చెప్పలేదు. ఆమె పేరు..."

ఇరవై రెండేళ్లలో టేపులక్కయ్య ఇలాంటి మాట వినలేదు. ఇంత మాట గాలికి పోవడమా అనుకుంది. చెయ్యి దానంతటదే లేచింది.

"మేడమ్, దాచుకోండి. మంగళవారం చెబుదురుగాని."

పెద్దమేడమ్ ఆగింది. కాస్త నవ్వింది కూడా. "నలభై ఏళ్లు దాచుకున్నాను. ఇంకో అయిదు రోజులకేం" అంది.

ఆదివారం పొద్దున స్నానాలగదిలో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మిగిలింది కాదు అన్న ఒక్కటే మాట. మంచినీళ్లు కావాలా అంటే కాదు, గ్లాసు నోటికందిస్తే గటగటా తాగేసేది. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి ఇలా ఏదో ఒక మాటే మిగులుతుందని, అనాలనుకున్నది ఏదైనా అదే బయటికి వస్తుందని డాక్టరు చెప్పాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు టేపులక్కయ్య ఊరంతా తిరిగింది. జీతాల పుస్తకాల్లో సీసాలు కడిగేవాళ్లు లేరు, వాళ్లది రోజు కూలి. హాజరు పట్టీలు ల్యాబు కొత్త భవనానికి మారినప్పుడు చెత్తలోకి పోయాయి. చెల్లెలికి ఏమీ తెలియదు. మంగళవారం వేసుకోవడానికని అక్క ముందే బట్టలు ఇస్త్రీ చేయించి పెట్టుకుందని మాత్రం చెప్పింది.

చివరికి ఆ ల్యాబులో పనిచేసిన పాత అటెండరు దొరికాడు. కళ్లు సరిగా ఆనవు గానీ జ్ఞాపకం గట్టిది. ఆ రోజుల్లో సీసాలు అయిదుగురు కడిగేవారని వేళ్లు మడిచి చెప్పాడు. పొడుగామె, నత్తమ్మ, గాజులొదిన, సందేహాల పిన్ని, పాటల పెద్దమ్మ. సందేహాల పిన్ని తాను కడిగిన సీసాను కూడా నమ్మేది కాదట, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసేదట. ఇప్పుడు ఎవరెక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో అతనికి తెలియదు.

"అసలు పేర్లు?" అని అడిగింది.

"ఎవరడిగారమ్మా అప్పుడు?" అన్నాడు.

మేడమ్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక వచ్చిన మంగళవారం చెల్లెలి అనుమతితో మళ్లీ వెళ్లింది. గడియారం బ్యాటరీ తీసేసింది. పెద్దమేడమ్‌ను పేము కుర్చీలో దిండ్ల మధ్య కూర్చోబెట్టారు, అవే ఇస్త్రీ బట్టల్లో. తేదీ, స్థలం చెప్పి టేపులక్కయ్య ఒక్కొక్క పేరే అడిగింది. పొడుగామేనా? కాదు. నత్తమ్మా? కాదు. గాజులొదినా? కాదు. సందేహాల పిన్నేనా? కాదు, అంటూనే పెద్దమేడమ్ ఎడమ చేత్తో టేపులక్కయ్య మణికట్టు పట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెదాలు ఇంకేదో చెప్పాలని కిందామీదా పడ్డాయి, కాదు, కాదు, కాదు అని మాత్రమే వచ్చింది. పాటల పెద్దమ్మ అన్నా ఆ చెయ్యి వదల్లేదు.

ఆఫీసుకొచ్చి వింటే అయిదు పేర్లు, అయిదు పేర్లకూ కాదు. పట్టుకున్న చెయ్యి రికార్డులో వినపడలేదు. ఈ రికార్డు వింటే రేపు ఎవరైనా ఏమనుకుంటారు? అయిదుగురిలో ఎవరూ కాదనుకుంటారు. కడిగే ఆమె ఇంకోసారి కొట్టుకుపోతుంది.

టేపులక్కయ్య తలుపు వేసుకుని, ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని రికార్డరు నొక్కింది. తేదీ చెప్పింది, స్థలం చెప్పింది. ఆ తరువాత కూడా మాట్లాడింది, ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

"ఆ విరుగుడు మొదట చూసింది తాను కాదని మేడమ్ నాతో చెప్పారు. సీసాలు కడిగే ఆమె అని చెప్పారు. జబ్బు చేశాక ఆవిడకు కాదు అన్న మాటొక్కటే మిగిలింది. సందేహాల పిన్ని అనగానే నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె అసలు పేరు నాకు తెలియదు. మేడమ్ చెప్పబోయారు. నేనే ఆపాను."