చిన్నమ్మ గిలక్కొట్టిన కాఫీ

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింట్లో ఫోను గోడకు ఆనించి పెట్టుకుని, అందులో చూపిస్తున్నట్టే గిన్నెలో కాఫీపొడి, చక్కెర, కాసిని వేడినీళ్లు పోసి గిలక్కొడుతూ కనిపించింది. లాక్‌డౌను రోజుల్లో లోకమంతా చేసిన కాఫీయేనట, మళ్లీ ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోందట. కాసేపటికే చెయ్యి నొప్పెట్టి వదిలేయబోతుంటే నేను అందుకుని, మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే తిప్పుతూ, నల్లటి ముద్ద లేత గోధుమరంగుకు తిరిగి చెంచాకు పట్టుకుని నిలిచేదాకా కొట్టి ఇచ్చాను. ఇది ఎవరు నేర్పారని ఆశ్చర్యంగా అడిగింది. మా చిన్నమ్మ అన్నాను.

"ఏ చిన్నమ్మ, అమ్మమ్మా?" అంది.

నా చేతుల్లో పెరిగిన పిల్ల, పంతొమ్మిదేళ్లొచ్చాయి, ఆ మనిషి ఊసు ఒక్కసారైనా నా నోట వినలేదని అప్పుడుగానీ నాకు తట్టలేదు.

చిన్నమ్మ మా అమ్మకు స్వయానా చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, చిలకలగూడలో మేముండే రెండు గదుల ఇంటికి వచ్చేసింది. ఊరికే కూర్చుని తినడం ఆమెకు చేతకాదు. కంటోన్మెంటు వైపు ఒక పంజాబీ మేజరు గారింట్లో వంటకు కుదిరింది. చాయ్ తప్ప మరొకటి ఎరగని మా ఇంటికి ఈ కాఫీ అక్కడి నుంచే వచ్చింది. పొద్దుట నడిచి వెళ్లి, మధ్యాహ్నం దాటాక మోండా మార్కెట్లో కూరగాయలు పట్టుకుని నడిచి వచ్చి, కాళ్లు కడుక్కున్న వెంటనే స్టీలు గ్లాసు మోకాళ్ల మధ్య ఇరికించుకుని గడప మీద కూర్చునేది. పరీక్షలకు చదువుకుంటున్న నాకు చెంచా టకటకలు వినిపిస్తుంటే, ఇంకాస్త చదివితే కాఫీ వస్తుందని ప్రాణం లేచివచ్చేది. అలసిపోయి వచ్చిందే, ఆమెకూ చెయ్యి నొప్పెడుతుందే అన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు.

ఇరవై రెండో ఏట రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. నాతోపాటు నలుగురు అమ్మాయిలు, అందరూ కలిగిన ఇళ్లవాళ్లు, గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. వాళ్లలో ఒకతెగా కనిపించాలని నేను పడిన పాట్లు చెప్పుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక ఆదివారం వాళ్లు మా ఇంటికి వస్తామన్నారు. అమ్మా నాయనా ఎవరిదో పెళ్లికి ఊరెళ్లారు. చిన్నమ్మ పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉండి, పక్కింటి నుంచి కప్పూ సాసర్లు అడిగి తెచ్చి, పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. చీర మార్చుకోవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు.

మసి అంటిన పాత చీరలోనే ట్రే పట్టుకుని వచ్చింది. అందరిలోకీ పెద్దింటి పిల్ల ఒక గుక్క తాగి, ఇంత మంచి కాఫీ హోటల్లో కూడా తాగలేదని, మీ వంటమనిషి చెయ్యి చాలా బాగుందని నాతో అంది. చిన్నమ్మ ఇంకా అక్కడే ఉంది.

"అవును, మంచిగ చేస్తది," అన్నాను.

నోరు జారిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆ ఒక్క క్షణంలో చిన్నమ్మ చీరా, ఆ పిల్ల చేతి గడియారమూ రెండూ చూసుకునే అన్నాను. చిన్నమ్మ చక్కెర సరిపోయిందా అని ఒక్కొక్కరినీ అడిగి లోపలికి వెళ్లింది.

వాళ్లు వెళ్లాక, ఆమె పక్కనే కూర్చుని కప్పులు కడుగుతూ ఏడ్చాను. తడిచేత్తోనే నా తల నిమిరింది.

"ఏడుస్తవెందుకు బిడ్డా, నేను వంటమనిషినే గద. నువ్వు లేనిదేమన్నవ్?"

ఆమె తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. మర్నాడు మామూలుగానే కాఫీ కొట్టి ఇచ్చింది, నేను తాగేశాను, ఆ సంగతి అంతటితో ముగిసిందనుకున్నాను. రెండేళ్లకు నా పెళ్లయింది. ఆ రోజు చిన్నమ్మ పొద్దుటి నుంచీ పందిరి వెనక వంటల దగ్గరే ఉంది. ముహూర్తం దగ్గరపడుతుంటే రమ్మని అమ్మను పంపించాను. అమ్మ ఒక్కతే తిరిగొచ్చి, నా చెవి దగ్గర వంగి ఆమె మాట చెప్పింది.

"నీ ఆఫీసోళ్లు వచ్చిండ్రట గద, ఆమె ఆడ్నే ఉంటనంటున్నది."

పీటల మీద నుంచి నేను లేవలేదు. నా పెళ్లి ఆల్బంలో చిన్నమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆమె పెద్దదైపోయి మా తమ్ముడి దగ్గర ఉంటున్నప్పుడు, క్షమించమని అడగాలనే ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఆ రోజు అని మొదలుపెట్టానో లేదో, కాఫీ తాగుతవా అంటూ లేచి వెళ్లింది. చెయ్యి వణికి నురగ రాలేదు. పలచటి ఆ కాఫీ తాగి, బాగుందని చెప్పి, అడగవలసింది అడగకుండానే వచ్చేశాను. ఆ చలికాలంలోనే పోయింది.

ఇప్పుడు వంట చేసేవాళ్లు తమ ముఖమూ పేరూ ఫోన్లలో ధైర్యంగా చూపించుకుంటున్నారు, జనం మెచ్చుకుంటున్నారు. మా ఈడువాళ్లం నలుగురం కలిస్తే మాత్రం, ఆ రోజుల్లో రెండు గదుల్లో పదిమందిమి ఎంత ప్రేమగా ఉండేవాళ్లమో అని ఇప్పటి పిల్లల ముందు గొప్పలు పోతాం. ఉన్నమాటే. కానీ ఆ పదిమందిలో ఎవరిని వచ్చినవాళ్లకు చూపించుకున్నామో, ఎవరిని లోపలే ఉంచామో ఎవరమూ చెప్పుకోం. ఈమె మా చిన్నమ్మ అని ఆమె వింటుండగా ఒక్కసారి నలుగురిలో అని ఉంటే, ఈ వయసులో ఆ రోజులను నేనూ అందరిలా సంతోషంగా తలుచుకునేదాన్నేమో.