రంగు వేయకూడని బిళ్ళ

నా చిన్నప్పుడు మాకు రెండిళ్ళున్నాయని అనుకునేదాన్ని. ఒకటి రాజోలు దగ్గర ఏటిగట్టు కింద మేముండే పెంకుటిల్లు, రెండోది మా నాన్న సరంగుగా నడిపే లాంచీ. వశిష్ఠ గోదావరి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనాన్నీ, సైకిళ్ళనీ, కొబ్బరికాయల బస్తాలనీ అటూ ఇటూ చేరవేసే చెక్క లాంచీ అది. సముద్రం ఎంతో దూరం లేదు. వేసవిలో పోటు వచ్చిందంటే ఉప్పునీరు మా రేవు దాటి పైకెక్కేది. లాంచీ కామందుగారిది, నడపడం నాన్నది. నీళ్ళలో మునిగి ఎవరికీ కనపడని సరంజామా, అంటే నీళ్ళని వెనక్కి తోసే కంచు పంకా, ఇనప చుక్కాని, వాటి బోల్టులూ అన్నీ చూసుకోవడం మేస్త్రి మావయ్య పని.

మావయ్య అన్నానే గాని చుట్టరికం ఏమీ లేదు. పక్కిల్లు, అంతే. లాంచీ కట్టిన నాటి నుంచి దాని ఇంజను పనీ, అడుగు పనీ ఆయనే చూసేవారు. మాట బాగా తక్కువ. ఆయన "ఆయ్" అన్నారంటే ఆ పూటకి సంభాషణ అయిపోయినట్టేనని మా అమ్మ నవ్వేది. ఆయన మాట్లాడకపోయినా మాకు ఇబ్బందిగా ఉండేది కాదు.

ఏడాదికోసారి లాంచీని ఒడ్డెక్కించేవారు. అమావాస్య పోటు మీద దాన్ని బురదగట్టు మీదికి తెచ్చి, నీరు తీశాక కింద దుంగలు పెట్టి నిలబెట్టేవారు. అడుగున పట్టిన గుల్లలు గీకి, చెక్కల సందులు కూరి, నీలం రంగు వేసి మళ్ళీ పోటు నాడు దించేవారు. దించే రోజు మా ఆడవాళ్ళకి పండగే. లాంచీ ముక్కుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. ఆ రోజు లాంచీ ఒంటి మీద ఎక్కడా పాత మచ్చ కనపడకూడదని మా ఇళ్ళలో గట్టి పట్టింపు. మచ్చతో దిగిన పడవ మచ్చతోనే తిరిగొస్తుందని మా అమ్మ నమ్మకం.

నాకు పదేళ్ళప్పుడు, అలా దించే రోజు మధ్యాహ్నం, మేస్త్రి మావయ్య ఓ చిన్న డబ్బాలో నీలం రంగు పోసి, కుంచె నా చేతికిచ్చారు. చుక్కాని అడుగు భాగం నేలకి బాగా దగ్గర. పెద్దవాళ్ళు నడుం వంచలేరు, నేనైతే గొంతుక్కూచుని వెయ్యగలను. ఇంతలో నాన్న ఇంజను దగ్గరికి పిలిస్తే ఆయన వెళ్ళిపోయారు. నేను నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా వేశాను. చుక్కాని మీద ఒకచోట అరచేయంత జింకు బిళ్ళ బోల్టులతో బిగించి ఉంది. అంతా నీలంగా ఉంటే అదొక్కటే బూడిదరంగులో, ఎవరో మరిచిపోయిన మచ్చలా కనిపించింది. మావయ్య మరిచిపోయారనే అనుకున్నాను. పాపం అనుకుని దానికి రెండు పూతలు వేశాను. అమ్మ వచ్చి చూసి, ఎక్కడా మచ్చ లేకుండా వేశావని మెచ్చుకుంది. సాయంత్రం పోటుకి లాంచీ దిగింది.

తర్వాత ఎనిమిది నెలల పాటు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఒక పొద్దున్న నిండా జనంతో లాంచీ నడి ఏట్లో ఉండగా నాన్న చక్రం తిప్పితే అది ఉత్తినే గిరగిర తిరిగింది. కింద చుక్కాని బోల్టులు తెగిపోయాయి. లాంచీ వాలున కొట్టుకుపోయి ఇసకమేట ఎక్కి ఆగింది. అక్కడ ఆ మేట ఉండబట్టి సరిపోయింది. జనం మోకాలి లోతు నీళ్ళలో దిగి తిట్టుకుంటూ ఒడ్డుకి నడిచారు. నాన్న మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ లాంచీలో పసిపిల్లలు కూడా ఉన్నారు.

లాంచీని మళ్ళీ ఒడ్డెక్కించినప్పుడు నేనూ వెళ్ళాను. చుక్కాని బోల్టులు వేలంత లావు ఉండాల్సినవి పుల్లల్లా అరిగిపోయి ఉన్నాయి. నాసిరకం బోల్టులు వేశావని కామందుగారు మేస్త్రి మావయ్య మీద కేకలేశారు. మావయ్య వెళ్ళి జింకు బిళ్ళ ముందు కూచున్నారు. గోటితో గీకారు. నీలం పొర పెచ్చులా లేచింది. కింద జింకు కొత్తగా బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నా రంగు ఎంత గట్టిగా నిలిచిందో అని నేను లోలోపల మురిసిపోయాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయన లేచి, నా వైపు చూడకుండా, కామందుగారితో ఒక్కమాట అన్నారు. "తప్పు నాదేనండీ. దింపే ముందు చూసుకోవలసింది నేను."

వచ్చే ఏటి నుంచి పనికి వేరే మేస్త్రిని చూసుకుంటానని కామందుగారు అక్కడే, అందరి ముందే చెప్పేశారు. ఒక రేవులో అలా పేరు పోతే మిగతా రేవుల వాళ్ళూ పిలవరు. ఆయన కంటే బాగా చిన్నవాళ్ళు కూడా పక్కకి తిరిగి గుసగుసలాడటం చూశాను. ఆయన కొత్త బోల్టులు బిగించి, బిళ్ళ మీది నీలమంతా గీకేసి, పనిముట్లు సంచీలో సర్దుకుని ఇంటికి నడిచారు.

మర్నాడు ఆయన వీధి అరుగు మీద మూడు గాజుగ్లాసులు వరసగా పెట్టారు. మూడింట్లోనూ ఉప్పునీళ్ళు పోసి, రాగితీగ చుట్టిన ఇనపమేకు ఒక్కొక్కటి వేశారు. పాత టార్చిలైటు బ్యాటరీ పెంకు జింకుదే. దాన్ని కత్తిరించి రెండో గ్లాసులో మేకుకి ఒక ముక్క కట్టారు. మూడో దాంట్లోనూ ఒక ముక్క కట్టారు గాని, దానికి రంగు పూశారు. నాకేమీ చెప్పలేదు. నేను వచ్చీపోయేప్పుడల్లా చూస్తుంటానని ఆయనకి తెలుసు.

నాలుగు రోజులకి మొదటి గ్లాసులో నీళ్ళు ఎర్రగా తుప్పు తేలాయి. రెండో గ్లాసులో మేకు మెరుస్తూనే ఉంది, జింకు మాత్రం తెల్లటి బూజు పట్టి అరుగుతోంది. మూడో గ్లాసులో జింకు చెక్కు చెదరలేదు, మేకు ఎర్రబడిపోయింది. ఆ జింకు మీద ఉన్నది లాంచీ నీలం రంగు. నేను ఆ గ్లాసు పక్కనే అరుగు మీద కూచున్నాను.

మావయ్య వచ్చి పక్కన కూచున్నారు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అంతకు ముందు నేను వినలేదు. "ఉప్పునీళ్ళలో కంచుకి తోడుగా ఇనుముంటే ఇనుము తరిగిపోతాదమ్మా. జింకు పెడితే ముందు అది తరుగుతాది. అరిగిపోడానికే దాన్ని పెట్టేం. రంగేస్తే దానికి నీళ్ళు తగలవు, అరగదు. అప్పుడు ఇనుము పోతాది."

నేనే వేశానని చెప్పాను. ఏడుపు ఆగలేదు.

"తెలుసమ్మా. ఎందుకెయ్యకూడదో చెప్పకుండా కుంచె నీ చేతికిచ్చింది నేను. చెప్పుంటే వేసేదానివా?"

నేను ఊరుకోలేదు. మర్నాడు ఒక్కదాన్నీ కామందుగారింటికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి చివరిదాకా విన్నారు. విని, చిన్నపిల్ల చేతికి రంగిచ్చి, తిరిగి చూడకుండానే నీళ్ళకి దించేశాడన్నమాట అన్నారు. నేను ఆ నిందని తియ్యడానికి వెళ్ళి ఇంకాస్త బరువు పెట్టి వచ్చాను. ఇలాగే అవుతుందని మావయ్యకి ముందే తెలుసేమో. ఆయన కొత్తపేట వైపు రైసుమిల్లు ఇంజన్ల పనికి సైకిలు మీద వెళ్ళడం మొదలుపెట్టారు. పొద్దున్నే ఆ సైకిలు చప్పుడు వినపడితే నేను దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని. సిగ్గుతో.

మరుసటి ఏడు లాంచీ ఒడ్డెక్కింది. కొత్త మేస్త్రి వచ్చాడు. మంచివాడే, ఎక్కడో కాలవల మీద పడవలకి పనిచేసిన మనిషి, ఉప్పునీటి సంగతి ఎరగడు. దించే రోజు చుక్కాని మీద బూడిదరంగు బిళ్ళ చూసి కుంచె ముంచాడు. నేను వెళ్ళి బిళ్ళకి వీపు ఆనించి కూచున్నాను. అతను లేవమన్నాడు. మచ్చ మిగిలిపోతుంది, అశుభం అని మా అమ్మ కూడా లేవమంది. దానికి రంగు ఎందుకు వెయ్యకూడదో గ్లాసులతో సహా మొత్తం చెప్పాను. కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ కామందుగారు, ఇదంతా ఎవరు చెప్పారని అడిగారు. మేస్త్రి మావయ్యండీ అన్నాను. పోటు నీళ్ళు నా నడుం దాకా వచ్చేవరకూ లేవలేదు. తడిసిన బిళ్ళ మీద ఇంక రంగు వెయ్యడం కుదరదు. అమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఏడాది తిరిగి లాంచీని మళ్ళీ ఒడ్డెక్కిస్తే బిళ్ళ సగానికి పైగా అరిగి గుంటలు పడి ఉంది. బోల్టులు గట్టిగా ఉన్నాయి. కామందుగారు వంగి రెండూ చేత్తో తడిమి చూశారు. ఆ సాయంత్రమే మా నాన్నని మేస్త్రి మావయ్య దగ్గరికి పంపారు, మళ్ళీ పనిలోకి రమ్మని.

ఆయన రాలేదు. మిల్లు పని కుదురుగా ఉందన్నారట. కోపంగా అనలేదుట. నాన్న గడపలో చెప్పులు విడుస్తూ, అమ్మకి కాదు, నాకు చెప్పారు ఆయన పంపిన మాట.

"అక్కడ ఆ బిళ్ళని చూసుకునే మనిషి ఉందిగదండీ. నేనెందుకూ అన్నాడే."

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. పెళ్ళయి ఆ రేవు వదిలేదాకా ప్రతి ఏడూ ఆ బిళ్ళ దగ్గర నేనే ఉన్నాను. తర్వాత అమలాపురంలో ఆస్పత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళు చేశాను. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకి ఏ పని అప్పజెప్పినా ఎందుకో చెప్పందే వదిలేదాన్ని కాదు. సిస్టరు గారు దూది తెమ్మన్నా ఒక పాఠమేనని వాళ్ళు వెనకాల నవ్వుకునేవారు. నవ్వనీ. ఆ పిల్లల్లో ఎవరైనా పొరపాటు చేసి డాక్టరుగారి ముందు తలవంచుకుని నిలబడ్డప్పుడు, నేను ఆమెకి ఏం చెప్పి పంపానో, ఏం చెప్పకుండా పంపానో ముందు అది గుర్తు తెచ్చుకునేదాన్ని. చెప్పలేదని తేలితే, ముందుకెళ్ళి తప్పు నాదేనండీ అనేదాన్ని. అది అబద్ధం అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.