నల్ల ఉడుత పిల్ల

కెనడాలోని ఏజాక్స్‌లో ఉండే సుధామయి గారికి ఈమధ్య తమ పెరట్లోకి వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు. రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. పిల్లలందరినీ ఒకేలా చూశానని చెప్పుకుంటారు. ఆ మాట వింటే నాకు నవ్వొస్తుంది.

ఆవిడ కంచె మీద వేరుశనగలు పెట్టేది బూడిద రంగు ఉడుతల కోసం. నల్లవి వస్తే చీపురు పట్టుకుని తరిమేవారు. "నల్లవన్నీ దొంగవి, మన మెంతికూర కుండీలు తవ్వేస్తాయి" అని మనవరాలు స్పందనకు చెప్పేవారు. నిజానికి కుండీల్లో గింజలు దాచేది రెండు రంగులవీనూ. ఎవరైనా చూస్తుంటే ఉత్తుత్తినే తవ్వి పూడ్చేసి, గింజ నోట్లోనే పెట్టుకుని ఇంకోచోటికి జారుకోవడంలో బూడిదవేం తీసిపోవు. అవి తవ్వితే మాత్రం ఆవిడ కంటికి ఆనేది కాదు.

ఆదివారాలు శనగపిండిలో పాలు కలిపి స్పందన చేతులకు రుద్దడం కూడా ఆవిడ పనే. స్పందనది తల్లి తేజశ్రీ పోలిక, నలుపు. "రుద్దితే రంగు తేలుతుందిలే" అనేవారు. తేజశ్రీ విని ఊరుకునేది.

ఏప్రిల్‌లో పెద్దగాలికి మేపుల్ చెట్టు మీది ఆకుల గూడు సగం ఊడిపోయింది. బూడిద రంగు తల్లి ఉడుత ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని పక్కింటి చెట్టు తొర్రకు చేరవేస్తోంది. మొదటి పిల్ల బూడిద రంగు. రెండోది కారునలుపు. దాన్నీ అంతే పదిలంగా పట్టుకుని కంచె మీద నడిచిపోయింది.

"అదేమిటే, నల్లదాన్ని ఎత్తుకుపోతోంది?" అన్నారు సుధామయి గారు.

"దాని పిల్లే అత్తయ్యా. రెండూ ఒకటే జాతి, రంగే వేరు. ఒకే కాన్పులో రెండు రంగులూ పుడతాయి" అని తేజశ్రీ లోపలికి వెళ్ళిపోయింది.

సుధామయి గారికి సిగ్గేసింది. చేతిలో చీపురు ఎక్కడ దాచాలో తోచలేదు. కానీ ఆ సిగ్గు ఉడుతల దగ్గరే ఆగిపోయింది, నా కోపమల్లా అదే. ఆదివారం రాగానే అలవాటుగా శనగపిండి గిన్నె మళ్ళీ చేతిలోకి వచ్చింది.

చేయి చాచి కూర్చున్న స్పందన అడిగింది. "నానమ్మా, ఆ బ్లాక్ బేబీకి కూడా ఇది రుద్దుదామా? దెన్ యూ విల్ గివ్ ఇట్ పీనట్స్."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. పిల్ల మొహంలోకి చూడలేకపోయారు. "దానికీ వద్దు, నీకూ వద్దమ్మా" అంటూ ఆ చేయి కడగబోయారు.

స్పందన చేయి వెనక్కి లాక్కుంది.

"నో నానమ్మా. ఇంకా వైట్ అవ్వలేదు."