నిమ్మకాయ కట్టిన రాడ్డు

“బండి టైర్లల్ల గాలి సూసినవా?” అని అడిగాడు మా ఆయన, దవాఖాన మంచం మీద పడుకుని. “గాలి సంగతి నాకిడిసిపెట్టు, ముందుగాల ఈ గోలి మింగు,” అన్నాను. మింగాడు, అటు తిరిగి పడుకున్నాడు, మళ్లీ ఇటు తిరగలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పదిహేనేళ్లుగా నా నోట్లో ఉండిపోయింది. దవాఖానలో వారం రోజులు పక్కనే కూర్చున్నాను. తీరికా ఉంది, ఆయన చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. నేనే గోలీలు, గంజి, దుప్పటి అంటూ పొద్దు పుచ్చాను. అందుకే ఇప్పుడు మా అన్న బిడ్డను కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు, అది కూడా సగంలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటే.

ఆ రోజుల్లో నాకున్న భయం ఒక్కటే, నలుగురిలో తక్కువైపోతానేమోనని. పాము భయం, పోలీసు భయం, దేవుడి భయం అన్నీ దాని తరువాతే. మా వదిన హనుమకొండలో సొంతిల్లు కట్టుకుంటుంటే, మాకు ములుగు రోడ్డు పక్క ఊర్లో రేకుల ఇల్లు, ఒక పాత పికప్ బండి. (వదిన అంటే ఇది రాస్తున్న పిల్ల తల్లే. “గిది రాయకు బిడ్డా” అనేలోపే రాసేసింది. ఉండనీ.) ఆ బండిలో వానాకాలం ఎరువుల బస్తాలు, దసరా దాటాక పత్తి వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లం. నేను పక్క సీట్లో కూర్చునేదాన్ని. దర్జాగా కూర్చున్నాననుకునేరు. బండి బురదలో దిగబడితే దిగి నెట్టడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. ఒకనాడు చేను బాటలో నెడుతుంటే వెనక చక్రం ఒకటి గిర్రున తిరిగి నా నెత్తి నుంచి కాళ్ల దాకా బురద పూసింది. రెండో చక్రం గట్టి నేల మీద ఉండి కూడా, పెండ్లికి పిలవని చుట్టం లాగా కదలకుండా నిలబడి చూసింది. “అదేందయ్యా, అది తిరుగదేంది?” అని అడిగాను. వెనక రెండు చక్రాల నడుమ డిఫరెన్షియల్ అని ఒక ఇనుప గుండు ఉంటుందట. ఏ చక్రం జారితే బండి సత్తువంతా దానికే పోతుందట. దాంట్లో లాక్ వేయిస్తే రెండు చక్రాలూ కలిసి తిరిగి, బురదలోంచి బండి తనంతట తానే ఎక్కి వస్తుందట. “మరి ఎందుకు ఏపియ్యలే ఇన్నొద్దులు?” అంటే, “నువ్వున్నవ్ గదా నూకనీకి,” అన్నాడు. కళ్లలో బురద పోయేదాకా తిట్టాను.

ఆ లాక్ కోసమే వరంగల్‌లో మెకానిక్ చాచా షెడ్డుకు పోయాం. చాచా మా ముందు రెండు రకాలు పెట్టాడు. ఒకటి, చక్రం జారగానే దానంతటదే పట్టుకునేది. డ్రైవరు ఏమీ చేయక్కర్లేదు, పైకి ఏమీ కనబడదు. రెండోది, సీట్ల నడుమ ఒక రాడ్డు పెడతారు. బురదలో పైకి గుంజాలి, రోడ్డెక్కాక కిందికి దించాలి. మా ఆయన మొదటిది చాలన్నాడు. “దాని పని అది జేస్కుంటది. నాకు మతిమరుపు, దించుడు యాదికుండదు.” నేను ఒప్పుకోలేదు. ఇంత ఖర్చు పెట్టి, బండి కిందికి దూరి చూస్తే తప్ప కనిపించని వస్తువు కొంటారా ఎవరైనా? వదినకు ఎలా చూపించాలి, చీర కొంగు దోపుకుని బండి కింద పడుకోమనాలా? “రాడ్డుదే కావాలె. బురదల పడ్డది నేను. ఏది కావాల్నో నేనే జెప్త,” అన్నాను. బురద పేరు ఎత్తేసరికి మా ఆయన నోరు మూతపడింది.

చాచా మంచి మనిషి. బిగించాక నన్నే పిలిచి చెప్పాడు. “బహూ, కళ్లంల వడ్లు తొక్కుకుంట బంతి తిరిగే ఎడ్లను సూసినవా? లోపలి ఎద్దు మెల్లగ నడుస్తది, బయటి ఎద్దు జల్ది నడుస్తది. రెండూ ఒక్కతీరుగ నడిస్తే బంతి తిరుగుతదా?” “ఎట్ల తిరుగుతది చాచా, సీదా పోయి కంచెల పడతయి,” అన్నాను. “షాబాష్. గందుకే తారు రోడ్డు మీద రాడ్డు కిందికే ఉండాలె. మలుపుల బండి నీ మాట ఇనది.” అంత విడమరిచి చెప్పాడు. నాకూ అంత బాగా అర్థమైంది. తరువాత జరిగినదానికి, తెలియక చేశాను అనడానికి నాకు సందు లేదు.

ఆ వారమే మా అన్న గృహప్రవేశం. మా అన్న, అంటే ఈ పిల్ల బాపు, ఒక పత్తి సేటు దగ్గర గుమాస్తా. ఆ సేటుకు మా ఆయన గురించి ఎన్నో మంచి మాటలు చెప్పి, దసరా నుంచి పత్తి లోడు మొత్తం మా బండికే వచ్చేలా మాట తీసుకున్నాడు. మంచి మాటలు ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, అంతకు ఏడాది ముందు దాకా మా ఆయన తాగేవాడు. మా అన్న చేతిలో చెయ్యి వేసి మానేశాడు. మానేశాడంటే నిజంగా మానేశాడు, కల్లు ముంత వైపు కూడా చూడలేదు. సేటు గృహప్రవేశానికి వస్తాడు, మనిషినీ బండినీ చూసి మాట ఖాయం చేస్తాడు. మాకు ఆ ఏడాది తిండి అయినా, ఆయనకు మనిషిగా పరువు అయినా ఆ ఒక్క పూట మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ పొద్దున బండికి పూజ చేశాను. మా ఆయన్ను నిమ్మకాయల కోసం చౌరస్తాకు పంపాను, తెచ్చాడు. ఆయన ముందర కొబ్బరికాయ కొడుతుంటే నేను లోపల రాడ్డుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి కట్టాను. తీరా చూస్తే రాడ్డు కిందికి ఉండేసరికి అంత ముచ్చటైన నిమ్మకాయ సీటు చాటున దాగిపోయింది. పైకి గుంజాను. ఎర్ర బొట్టుతో, పచ్చ నిమ్మకాయతో పెండ్లికూతురు లాగా నిలబడింది. కింద పడకుండా అదే దారంతో సీటు కమ్మీకి బిగించి మూడు ముళ్లు వేశాను. వదిన చూసేదాకా ఉంటే చాలు, తరువాత దించేద్దాం, ఇంతలో ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. పట్టుచీర కట్టుకుని, సారె పెట్టిన అరటిపండ్ల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునేసరికి రాడ్డు ఆయనకు కనబడకుండా పోయింది.

దారిలో ఆయన రెండుసార్లు అడిగాడు. మొదటిసారి, “ఇయ్యాల స్టీరింగ్ గట్టిగున్నదేందే, రాడ్డు కిందికే ఉన్నదా?” “ఉన్నది తియ్యి,” అన్నాను, పళ్లెం ఎత్తి చూడకుండానే. రెండోసారి ఒక చిన్న వంపు దగ్గర టైర్లు కీచుమన్నాయి. “ఏమే, జర సూడరాదే,” అన్నాడు. నాకు కోపం వచ్చింది. (తప్పు మనదైనప్పుడు వచ్చే కోపానికి ఊపు ఎక్కువ.) “నీకు నడుపరాకుంటే రాడ్డేం జేస్తది? సక్కగ ముందట సూసి నడుపు!” అన్నాను. చక్కగా ముందు చూసే నడిపాడు పాపం.

హనుమకొండలో మా అన్న వాళ్ల గల్లీ మూల మీద బండి కుడికి తిరగాలి. ఆయన స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, వెనక రెండు చక్రాలూ మాత్రం ఒకటే పట్టు మీద ఉన్న ఎడ్ల లాగా సీదా నెట్టాయి. టైర్లు పంది అరిచినట్టు అరిచాయి, బండి కుప్పించి కుప్పించి ఎగిరింది, ఆయన బ్రేకు తొక్కేలోపు ఎదురుగా ఉన్న షామియానా గుంజను మూతితో ఒక్క పోటు పొడిచి ఆగింది. చాలా మెల్లగానే తగిలింది. కానీ షామియానా గుంజలు ఒకదానికొకటి చుట్టాలు కదా, ఒకటి పడితే మిగతావి పరామర్శకు వస్తాయి. పంక్తిలో కూర్చుని తింటున్నవాళ్ల మీద ఎర్ర గుడ్డంతా మెల్లగా, గౌరవంగా వాలిపోయింది. లోపల నుంచి కేకలు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ. గుడ్డ ఎత్తితే మధ్యలో తెల్ల బట్టలు వేసుకున్న సేటు, ఒళ్లో పప్పుచారు గిన్నెతో, ఇంకా చేతిలో ముద్ద పట్టుకునే ఉన్నాడు.

మా అన్న ఉరికొచ్చి డోరు తీసి మొదట చేసిన పని, మా ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టడం. “మల్ల మొదలువెట్టినవా బావా?”

“అన్నం తినే నోటితోని జెప్తాన, తాగలే. కావాల్నంటే మల్ల వాసన సూడు!” అని మా ఆయన నోరు తెరిచి హా అని ఊదాడు. ఆ పొద్దున ఉల్లిగడ్డతో సద్దన్నం తిని ఉన్నాడు. మా అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు, చుట్టూ జనం నవ్వారు. “ఉల్లిగడ్డతోని కప్పిపెట్టిండు,” అన్నారెవరో. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వన్న జెప్పవే. పొద్దుగాల్నుంచి నా పక్కనే ఉన్నవ్ గదా. నేను తాగిన్నా?”

అందరూ నన్నే చూశారు. వదిన కూడా. నా మోకాలికి రాడ్డు మీది నిమ్మకాయ తగులుతోంది. తాగలేదు అంటే, మరి బండి ఎందుకు తిరగలేదని తొంగిచూస్తారు. తొంగిచూస్తే పసుపు, బొట్టు, మూడు ముళ్లు. నేను అన్న మాట ఇదిగో, ఉన్నదున్నట్టు రాయిస్తున్నాను: “పొద్దుగాల జరసేపు చౌరస్తాకు పోయచ్చిండు. ఆడ ఏం జేసిండో నేను సూడలే.” అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిమ్మకాయల ఊసు మాత్రం లేదు.

ఆయన నన్ను తిట్టలేదు. ఒక్కసారి చూసి దిగిపోయి, పడిపోయిన కుర్చీలు ఒక్కొక్కటే ఎత్తి వరుసగా వేయడం మొదలుపెట్టాడు. ఎవరూ సాయం పోలేదు. నేను ఆ సందులో దారం తెంపి, రాడ్డు దించి, నిమ్మకాయ అరటిపండ్ల కింద దాచాను. సేటు బట్టలు దులుపుకుంటూ, “మనిషి మంచోడే కావచ్చు, మాల్ నాది గదనయ్యా,” అని మా అన్నతో అని వెళ్లిపోయాడు. దసరాకు పత్తి వేరేవాళ్ల బండి ఎక్కింది. మేము ఆ ఏడాదంతా స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి, దొరికిన ఇటుకా దొరికిన గడ్డీ మోశాం.

మర్నాడు చాచా బండి కిందికి దూరి, లేచి వచ్చి, మా ఆయన చాయ్‌కి పోయినప్పుడు గుప్పిట తెరిచాడు. అందులో రాడ్డు సందులో ఇరుక్కున్న పసుపు దారం ముక్క. “గిదేంది బహూ?” అని ఆ దారం నా చేతిలో పెట్టాడు. “నేనైతే జెప్ప. నువ్వే జెప్పాలె,” అన్నాడు. “జెప్త చాచా,” అన్నాను. నాకు వ్యవధి ఇవ్వడానికి కాబోలు, చాచా తప్పు తన మీద వేసుకుని, “కేబుల్ పట్టేసింది భాయ్, నా పనే సక్కగ లేకుండె,” అన్నాడు మా ఆయనతో. మా ఆయన ముఖం ఎంత వెలిగిందో! అటునుంచి అటే మా అన్న దగ్గరికి పోయి, “కేబుల్ బావా, కేబుల్!” అని చెప్పాడట. “తాగినోనికి కేబులే దొరుకుతది,” అని నవ్వాడట మా అన్న. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఆ దారం నేను పొయ్యిలో వేశాను. ఆ తరువాత రాడ్డు పీకించి, దానంతటదే పట్టుకునేదే వేయించుకున్నాడు. ఎన్ని వానలు పడ్డా మళ్లీ నేను దిగి నెట్టలేదు.

అప్పటి నుంచి అది మా చుట్టాల్లో ఒక ఆట అయింది. ఏ పెండ్లికి పోయినా, ఏ చావుకు పోయినా, మా ఆయన బండి తాళంచెవి తీస్తే చాలు, మా అన్న వచ్చి “ఏదీ బావా, నోరు తెరువు,” అనేవాడు. ఆయన తెరిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వాను, పదిహేనేళ్లు, అందరికంటే ఒక మెట్టు ఎక్కువే. ఆయనకు తెలిసి ఉంటుందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. తెలిసి ఉండదు. తెలిస్తే తిట్టేవాడు, తిట్లలో మా ఆయన పిసినారి కాదు. దశదినం నాడు కూడా మా అన్న కళ్లు తుడుచుకుంటూ, “బంగారం అసొంటి మనిషి, ఒక్కనాడే మాట తప్పిండు,” అన్నాడు. ఆ రోజు కూడా నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు.

ఒళ్లో అరటిపండ్లు, మోకాలి దగ్గర నిమ్మకాయ, ఎవరు చూస్తారా అని మెడ చాపుకుని కూర్చున్న ఆ పట్టుచీర పిల్ల ఇప్పుడు కనబడితే చెంప మీద ఒకటి వేయాలనిపిస్తుంది. వేయబోయి నవ్వేస్తానేమో కూడా. ఇంతా చేస్తే వదిన ఆ రాడ్డు చూడనే లేదు.

అయిపోయింది బిడ్డా. ఏడుస్తవేంది, కాగితం తడుస్తది. మొదటికెల్లి ఒక్కసారి సదువు, నేను ఇంటుంట. మెల్లగ గాదు, జర గట్టిగ సదువు. మీ బాపు బయట కుర్సీలనే కూసున్నడు.