గుడ్డబొమ్మ నడుముకట్టు

గద్వాల ప్రాంతం నుండి కూలికి వచ్చిన ఓబులమ్మ, భర్త కిష్టయ్యతోను, నాలుగేళ్ళ కూతురు రజితతోను మాదాపూర్‌లో ఒక రేకుల గుడిసెలో నివసించేది. అది తొంభై ఎనిమిదవ సంవత్సరం. చుట్టూ బండలు పేల్చి కార్యాలయ భవనాలకు పునాదులు తవ్వుతున్న కాలం. అటువంటి ఒక భవనంలో కిష్టయ్య ఇనుప చువ్వలు కట్టేవాడు. ఓబులమ్మ కాంక్రీటు తట్టలు మోసేది.

పనిచోటికి బిడ్డలను తెచ్చుకొనే తల్లులకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. పాత చీరను పొడుగ్గా చింపి, ఒక కొస బిడ్డ నడుముకు, రెండవ కొస నీడన పాతిన గుంజకు కట్టేవారు. లిఫ్టు కొరకు తవ్విన గుంతలో ఊటనీరు నిలిచి ఉండేది. దానికి కంచె వేయబడలేదు.

ఇంజనీరు పార్థసారథి భార్య వీరలక్ష్మి మదీనాగూడ నుండి భర్తకు భోజనం తెచ్చిన ఒకనాడు రజితను చూసింది.

“అయ్యో, పసిపిల్లను దూడలా కట్టేశావేంటమ్మా?”

“ఇడిస్తె గుంతల పడ్తది మేడం,” అన్నది ఓబులమ్మ.

వీరలక్ష్మి మళ్ళీ వచ్చినప్పుడు, తన కుమార్తె చదివి వదిలేసిన బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. అక్షరాలు ఇంగ్లీషువి. ఓబులమ్మకు తెలుగు అక్షరాలు కూడా రావు. అయినను బొమ్మలు చాలినవి. ఒక గుడ్డబొమ్మ అలమర దిగుతుంది, గాలిపటం పట్టుకొని మేఘాలలోకి పోతుంది, బావిలోకి దూకి చేప వీపు మీద కూర్చుండి పైకి వస్తుంది. దాని బట్టలు తడవవు.

రజిత ఆ బొమ్మ నడుమున ఉన్న నీలి పట్టీ మీద వేలు పెట్టింది.

“అమ్మా, దీన్ని గూడ కట్టేసిండ్రా?”

“అది పట్టీ బిడ్డా. దాన్నెవలు కడ్తరు? అది యాడికంటె ఆడికి పోతది.”

“నీళ్ళల్ల మునుగదా?”

“మాయల బొమ్మ గద, ఎందుకు మునుగుతది?”

అది మొదలు రజిత తనకూ అటువంటి బొమ్మ కావాలని ఏడ్వసాగింది. గుడిసెలో వాడకంలో లేని గుడ్డ అంటూ ఏదీ లేదు. పైగా దూడ అన్న మాట ఓబులమ్మ మనసులో ముల్లువలె మిగిలిపోయింది. చివరకు ఆమె ఆ కట్టుగుడ్డనే కోసి, గోనెపీచు కూరి, బొగ్గుతో కళ్ళు దిద్దింది.

పక్క గుడిసె కమలమ్మ చూసి, “రేపు పిల్లను దేంతోటి కడ్తవే?” అని అడిగింది.

“ఇగ కట్టనక్కా. బొమ్మ ఉంటె కూసుంటది.”

“కూసుంటది! నీ బిడ్డ కాళ్ళకు సక్రాలున్నయ్,” అని కమలమ్మ నవ్వింది.

రజిత కొన్నాళ్ళు నిజంగానే కూర్చున్నది. పిమ్మట స్లాబు వేసే రోజు వచ్చింది. ఆనాడు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకి పోతూనే ఉండాలి. వరుస మధ్యలో ఆగరాదు. ఓబులమ్మ తట్ట అందుకొంటూ ఒకసారి తల తిప్పి చూసినప్పుడు బిడ్డ గుంజ దగ్గరే ఉన్నది. మరల చూసినప్పుడు పుస్తకం మాత్రమే ఉన్నది.

“ఏయ్, లైను ఇడిసి యాడికి?” అని మేస్త్రీ అరిచాడు.

ఓబులమ్మ పరుగెత్తింది. గుంతలో గుడ్డబొమ్మ వెల్లకిలా తేలుతున్నది. బొమ్మను నీటిలోకి పంపి, అది రాకపోయేసరికి బిడ్డ చేయి చాచి ఉంటుందని అందరూ అనుకొన్నారు. గుంజ దగ్గర పుస్తకం బావి బొమ్మ వద్ద తెరచి ఉన్నది. కిష్టయ్య దూకి రజితను పైకి తీశాడు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు.

మరునాడు గుంత చుట్టూ పలకల కంచె వేయబడింది.

ఓబులమ్మ తిరిగి తట్ట ముట్టలేదు. తల్లులు పనికి పోతూ బిడ్డలను ఆమెకే అప్పగించేవారు. ఆమె ప్రతి బిడ్డను స్వయంగా కట్టేది, ముడిని రెండుసార్లు లాగి చూసేది. వీరలక్ష్మి ఒకనాడు వచ్చి, దూరాన నిలబడి, కట్టి ఉన్న బిడ్డలను చూసి వెళ్ళిపోయింది.

పిల్లలు కథ అడిగితే ఆమె ఆ పుస్తకమే తెరిచేది. బావి బొమ్మ ఉన్న రెండు పుటలను దబ్బనంతో, గోనె దారంతో చుట్టూ కుట్టివేసింది.

“పెద్దమ్మా, ఈడ ఏమున్నది? బొమ్మ యాడికి పోయింది?” అని పిల్లలు ఆ కుట్టు గీకేవారు.

ఓబులమ్మ పక్క పుటలోని బొమ్మ నీలి పట్టీ మీద వేలు పెట్టేది.

“యాడికి పోలే. వాళ్ళమ్మ నడుముకు కట్టింది సూడు. ఎట్ల పోతది?”