కుడి అంచు పైకి

దయ్యాలు, పూనకాలు అంటే నాకు ఒళ్ళుమంట. వాషర్‌మెన్‌పేటలో మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే, ముందు కడుపునిండా టిఫిన్ పెట్టండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

డెబ్బైలలో మాట. మా నాయన దర్జీ. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయి ఎనిమిది నెలలుగా కొట్టు వెనక గదిలో మంచం మీదే ఉన్నాడు. కొట్టు నేనే నడిపేదాన్ని. మాట ఇక రాదని డాక్టర్ తేల్చేశాడు. అయినా ఒక్కసారి "జయా" అని పిలుస్తాడేమోనని నా ఆశ.

ఒక స్కూలు టీచరమ్మ నాటకానికి పన్నెండు చొక్కాలు కుట్టమని వచ్చింది. కొరియాలో ఏదో పాతకాలపు సమాధి గోడ మీది బొమ్మకు తీసిన ఫోటో చూపించింది. గుర్రాల మీద వేటగాళ్ళు. ఒకడు పరుగెత్తే గుర్రం మీదే వెనక్కి తిరిగి బాణం లాగుతున్నాడు. ఒంటికి చుట్టి నడుముకు పట్టీ కట్టిన చొక్కాలు, అంచులకు నల్లగుడ్డ. వీధి గుమ్మంలోనే చూపించి ఫోటో పట్టుకుపోయింది.

మగవాళ్ళ చొక్కాకు ఎప్పుడూ వేసినట్టే మొదటిదానికి ఎడమ భాగం పైకి వేసి పైపైన టాకాలు వేశాను. మధ్యాహ్నం దాన్ని భుజాన వేసుకునే నాయనకు గంజి తాగించబోయాను.

"కుడిది పైకి రావాల," అన్నాడు.

గ్లాసు జారి గంజంతా పక్క మీద పడింది.

"అది ఆడోళ్ళ మడత గదా నాయనా?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఎనక్కి తిరిగి బాణం ఇడిస్తే నారి ఈడ తగులుకుంటాది," అని ఎడమ చేత్తో చొక్కా అంచు చూపించి కళ్ళు మూసుకున్నాడు.

నాయన జన్మలో ఎక్కింది జట్కా బండి ఒక్కటే. విల్లు ముట్టుకోలేదు.

మర్నాడు టీచరమ్మ మళ్ళీ ఫోటో తెచ్చింది. ఆ వెనక్కి తిరిగినవాడికి కుడి అంచే పైన ఉంది. నేనే సరిగ్గా చూడలేదు.

లోపలికి పరుగెత్తాను. "నీకెట్లా తెలుసు?" అంటే తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఏడుపొచ్చేసింది. "పోనీ, నేనెవరో చెప్పు నాయనా," అన్నాను.

తల ఇటు తిప్పి నా ముఖంలోకి చూశాడు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

అదే ఆఖరి మాట. నెల తిరక్కుండానే పోయాడు. దెబ్బతిన్న మెదడులో ఏదో ఒకటి మెదులుతుందని డాక్టర్ అన్నాడు. కావచ్చు. కానీ చూడని చొక్కా ఎలా మెదులుతుంది?

ఇంకొకటి ఉంది. ఆయన చూపు మతి లేనివాడి చూపులా లేదు. తన ఇంటికి కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టు, ఎంతో మర్యాదగా అడిగాడు. పూనకం అని మాత్రం నేను ఇప్పటికీ అనను.